ముప్పై ఆరో వారం టైర్లు

టైర్ల దుకాణం ముందున్న గట్టును ఆ కారు ఎక్కలేకపోయింది. బొంబాయి రోడ్డు దిగి, జానెడు ఎత్తు కూడా లేని ఆ సిమెంటు వాలుకు మూతి ఆనించి, కొత్త కోడలు గడప ముందు నిలబడ్డట్టు ఆగిపోయింది. పసుపు రంగు. రెండే తలుపులు, రెండే సీట్లు. కడుపు నేలకు రాసుకుంటుందేమో అన్నంత కిందికి పడుకున్న బండి. ముత్తంగి దగ్గర ఆ వరసలో ఉన్న టీకొట్టు వాళ్ళూ లారీల వాళ్ళూ గ్లాసులు పట్టుకుని మరీ బయటికొచ్చి చూశారు. లోపలున్న మనిషి మాత్రం దిగలేదు. హారన్ కొట్టాడు.

ఓదెలు రెండు చెక్క పలకలు తెచ్చి ముందు చక్రాల కింద ఆనించాడు. ఆ దుకాణంలో పంతొమ్మిదేళ్ళుగా టైర్లు విప్పేదీ ఎక్కించేదీ అతనే. చదువు రెండో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ అంకెలు బాగా వచ్చు. అక్షరాల మాటంటారా, టైరు మీదుండే అక్షరాలన్నీ అతనికి మనుషుల ముఖాల్లా గుర్తు. చదవలేడు, చూస్తే పోల్చుకుంటాడు.

అద్దం దించి తల బయట పెట్టాడు శ్రావణ్‌కుమార్. కర్దనూర్ మొగులయ్య పటేలు కొడుకు. ఓదెలుదీ ఆ ఊరే.

"ఏ ఓదెలూ, జెర సూస్కుంట పెట్టు. కింద తాకిందనుకో, నీ ఇల్లమ్మినా దీని బంపర్ రాదు."

"నా ఇల్లు ఎవడు కొంటడు చిన్నపటేలా? వానొస్తే దాంట్లనే ఈత కొడుతున్నం," అన్నాడు ఓదెలు పలక సరిచేస్తూ.

బండి మెల్లగా ఎక్కింది. ఓదెలు సంచి పరుచుకుని దాని వెనక బోర్లా పడుకున్నాడు. ఇలాంటి బండికి కన్ను అందదు, చెయ్యే అందుతుంది. మోచేతి దాకా లోపలికి దూర్చి, టైరు లోపలి అంచు వెంట వేళ్ళు నడిపాడు. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చూపుడువేలి మీద సూదిమొనంత రక్తం.

"ముందటివి ఇంకో ఏడాదొస్తయి. ఎనుకటివి ఖతం పటేలా. మీదికెల్లి బాగనే ఉన్నయి గని, లోపలి దిక్కు తీగెలు తేలినయి. ఇగో, వేలు కోసింది." వేలు నోట్లో పెట్టుకుని తీశాడు. "దీని జోరంతా ఎనుక చక్రాలల్లనే ఉంటది. ముందటి సైజు వేరు, ఎనుకటి సైజు వేరు. ఏది దొరికితే అది ఎక్కిస్తమంటే నడువది."

బల్ల వెనకనుంచి భీమశంకరం సేటు లేచి వచ్చాడు. దుకాణం అతనిది. మంచి మాటకారి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, పెళ్ళి సంబంధాలు చెప్పేవాడిలా వేళ్ళు ముడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"అసలు కంపెనీ టైర్లే కావాలంటే ఆర్డర్ పెట్టాలె. పదిహేను దినాలు. ఇంకో రకం ఉన్నది, పట్నంల దొరుకుతది, వారం పడతది."

"గవి మంచిగుంటయి పటేలా," అన్నాడు ఓదెలు. "రబ్బరు మెత్తగుంటది. వానల పట్టుకుంటది. జల్దీ అరుగుతయి, గంతే. నన్నడిగితే గవే."

"వారం లేదు," అన్నాడు శ్రావణ్. "నాకు బేస్తారం సాయంత్రం కల్లా కావాలె. నల్లగ మెరవాలె. గంతే."

గురువారానికి మూడు రోజులేనని సేటు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తర్వాత దుకాణం వెనక అటక వైపు చూశాడు. "మనతాననే ఒక జత ఉన్నది సైజుకు. కిలోమీటరు తిరగలే."

ఓదెలు చటుక్కున తలెత్తి సేటు ముఖంలోకి చూశాడు. సేటు చూపు తిప్పుకున్నాడు. శ్రావణ్ తాళంచెవి బల్ల మీద పడేసి, స్నేహితుడి బండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు నిచ్చెన వేసుకుని అటకెక్కాడు ఓదెలు. పాత ట్యూబులు, బూజు, బల్లి గుడ్లు, వాటి వెనక గోడకు చేరేసి ఆ రెండు టైర్లు. ఎవరో ఫ్యాక్టరీ ఆయన తెమ్మంటే తెచ్చినవి. ఆయన మళ్ళీ ఇటు రాలేదు. ఒక్కోదాన్నీ పసిపిల్లను దించినట్టు భుజం మీద దించి, వాకిట్లో వెలుతురులో పడుకోబెట్టి, గుడ్డతో తుడిచాడు. పక్కన కోడిగుడ్డు ఆకారంలో చిన్న గీత, దాని లోపల నాలుగంకెలు. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం. మూడు, ఆరు, ఒకటి, ఆరు.

రెండువేల పదహారో సంవత్సరం, ముప్పై ఆరో వారం. ఓదెలు వారాలను పండుగలతో పోల్చుకుంటాడు. ముప్పై ఆరంటే వినాయకుణ్ణి నిలబెట్టే దినాలు. ఆ ఏడు మంటపం దగ్గర లడ్డూ కోసం నేల మీద పడి దొర్లిన తన బిడ్డ జ్యోతి ఇప్పుడు ఇంటరు చదువుతోంది.

బొటనవేలి గోరు రబ్బరులోకి గుచ్చి చూశాడు. దిగలేదు. రెండు చేతులతో అంచు పట్టుకుని విరిచినట్టు వంచాడు. గాడుల అడుగున సన్నటి పగుళ్ళు తెరుచుకున్నాయి, ఎండాకాలం కూలికి పోయే ఆడవాళ్ళ మడమల్లాగా. చేతులు వదిలితే మళ్ళీ మూసుకున్నాయి, ఏమీ లేనట్టే.

"సేటూ," అన్నాడు, "ఇవి పనికొచ్చేటివి కావు."

"కొత్తయి. స్టిక్కర్ కూడ ఊడలే."

"రబ్బరు తిరిగినా తిరగకున్నా ముసల్దయితది సేటూ."

"మనుషులు ముసలోళ్ళయితలేరా? నువ్వు కాలేదా? మరి నీతోని పని చేపిస్తలేనా నేను?" సేటు తన మాటకు తనే నవ్వాడు. ఓదెలు నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "సూడు ఓదెలూ. రోడ్డవతల ఆ పెద్ద షోరూం పడ్డకాడికెల్లి మన దిక్కు ఎవడొస్తుండు? అందరు ఏసీల కూసొని టీవీ సూస్కుంట టైరు ఎక్కిచ్చుకుంటుండ్రు. ఒక్క గిరాకి వచ్చింది. దాన్ని కూడ ఎల్లగొడతవా? పాలిష్ కొట్టు. నంబరు ఎట్లయినా లోపలి దిక్కే పడతది, ఎవనికి కనవడది."

అది నిజమే. ఈ రకం టైరుకు బయటి పక్క వేరు, లోపలి పక్క వేరు. తిప్పి ఎక్కించకూడదు. సరిగ్గా ఎక్కిస్తేనే ఆ నాలుగంకెలూ బండి కడుపు కిందికి పోయి దాక్కుంటాయి. పనితనం కూడా సేటు పక్షమే నిలబడింది.

ఓదెలు పాలిష్ డబ్బా మూత తీశాడు. స్పాంజి ముంచి, గుండ్రంగా, నిదానంగా రుద్దాడు. ఎంత రుద్దితే అంత నల్లగా తేలింది. పగుళ్ళలోకి నూనె దిగి అవి కూడా కనపడకుండా పోయాయి. తన చెయ్యి ఇంత శుభ్రంగా పని చేస్తుందని అతనికే ఆ రోజు చిరాకేసింది.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని సంగతి మొదలుపెట్టాడు. భార్య హైమావతి సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు ప్యాకింగ్ చేసే కంపెనీలో పని చేసి వస్తుంది. నీలం టోపీ కొక్కేనికి తగిలించి, సంగతంతా విన్నది.

"అయితే ఏం జేస్తవ్?"

"పటేలుకు చెప్తా. ఉన్న ఒక్క కొడుకు. ఔటర్ రింగురోడ్డు మీద ఎంత జోరుగ పోతడో ఊరందరికి తెలుసు. గా టైర్లతోని వానల బిరేకు గొడితే ఆగుతదా? పలిగిందంటే మనిషి దక్కడు."

"టైర్లను సూసే తెలివి నీకిచ్చిండు దేవుడు, మనుషులను సూసేది నాకిచ్చిండు. చెప్తున్న విను. పోకు. రేపు సేటుకు తెలిస్తే ఉన్న పని పోతది. పటేలు ఏమన్న నిన్ను మంచం మీద కూసోవెడతడా?"

"మంచమెందుకే నాకు? మాట చెప్పొస్తా."

హైమావతి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

బుధవారం పొద్దున్నే, పనికి పోయే ముందు, మొగులయ్య ఇంటికి పోయాడు ఓదెలు. మూడంతస్తుల ఇల్లు, స్టీలు కటకటాలు. మొగులయ్య వసారాలో కుర్చీలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. ఓదెలు చెప్పులు గేటు దగ్గర విడిచి, మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏందిరా ఓదెలూ, పొద్దుగాల్నే?"

"చిన్నపటేలు కారు సంగతి పటేలా."

పటేలు భార్య ఇందిరమ్మ చాయ్ తెచ్చింది. మొగులయ్యకు పింగాణీ కప్పులో, ఓదెలుకు కాగితం కప్పులో. ఒకప్పుడు ఈ ఇంట్లో ఓదెలు తల్లికి చూరులో దోపిన సత్తు గిలాసు ఉండేది. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇప్పుడు ఆ కడిగే బాధ కూడా లేకుండా పోయింది.

చాయ్ పక్కన పెట్టి ఓదెలు చెప్పాడు. తొమ్మిదేళ్ళ టైర్లనీ, మీద మెరిసినా లోపల పెంకులా అయ్యాయనీ, జోరులో ఉన్నప్పుడు పట్టు తప్పుతాయనీ, వేడికి పగిలినా పగులుతాయనీ. "పట్నంల మెత్తటియి దొరుకుతయి పటేలా. వారం ఆగుమని చెప్పుండ్రి. నేను చెప్పిన్నని సేటుకు తెలువొద్దు."

మొగులయ్య చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. ఇందిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"శ్రావణ్! ఒరేయ్ శ్రావణ్! ఇటు రారా!"

శ్రావణ్ నోట్లో బ్రష్షుతో వచ్చాడు. తండ్రి తడబడుతూ చెప్పిందంతా విన్నాడు. పక్కకు పోయి నురగ ఉమ్మి, మూతి తుడుచుకుని నవ్వాడు.

"గింతదానికా? నాకు తెల్వదనుకున్నవా ఓదెలూ? పాతయైనా ఏం ఫికర్ లేదు, కొత్తగ కనవడితె సాలని నేనే సేటుకు ఫోన్ల చెప్పిన. నేను తిరిగేటందుకు కాదు నాయినా. కారు అమ్మేసిన. శుక్రవారం హత్నూర దిక్కు పిలగాడొచ్చి తీస్కపోతడు. టైర్లు కొత్తయి ఏపిచ్చి ఇస్తనని మాటిచ్చిన."

మొగులయ్య గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు.

"గట్లనా! ముందుగాల చెప్పొద్దారా బేకార్ నా కొడకా. పానం పోయినంత పనైంది."

ఆగిన చెయ్యి మళ్ళీ మోకాలి మీద నూనె రుద్దడం మొదలుపెట్టింది.

ఇందిరమ్మ మాత్రం కదల్లేదు. "ఆ పిలగాడు ఎంతటోడురా?" అంది.

"నా అంతనే ఉంటడమ్మా. ఎందుకు?"

"ఏం లేదు," అని, ఖాళీ పింగాణీ కప్పు తీసుకుని లోపలికి పోయింది.

"మంచిగ చెప్పినవ్ ఓదెలూ," అన్నాడు మొగులయ్య, మనసు తేలికపడ్డ మనిషి గొంతుతో. "మా ఇంటి మీద ప్రేమున్నోనివి. ఇగ పో. ఎవలతోని అనకు."

తిట్టి పంపిస్తారేమో అనుకుని వచ్చాడు ఓదెలు. లేకపోతే మంచిపని చేశావంటారనుకున్నాడు. మంచిపని చేశావనే అన్నారు. తాగని చాయ్ చెట్టు మొదట్లో పారబోసి, కాగితం కప్పు ఎక్కడ వెయ్యాలో తెలియక, నలిపి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాటాక గాని చెప్పులు విడిచిన చోటే ఉండిపోయాయని గుర్తు రాలేదు. వెనక్కి వచ్చి తొడుక్కుంటుంటే వసారాలో తండ్రీ కొడుకులు దేనికో నవ్వుకుంటున్నారు.

శ్రావణ్ ఫోను చేసినట్టుంది, దుకాణంలో సేటుకు అప్పటికే కబురు అందింది.

"నా కడుపుల చెయ్యి వెడ్తివి కదరా," అన్నాడు. కోపంగా కాదు, నిజంగా నొచ్చుకుని. "పంతొమ్మిదేండ్లు. ఒక్కనాడన్న నీకు తక్కువ చేసిన్నా? రేపు ఆ టైర్లు ఎక్కిస్తవా, లేకుంటే బీహార్ పోరగాండ్లను పిలిపించుకోవాల్నా నేను? నువ్వే చెప్పు."

ఓదెలు పానాలు తీసుకుని పనిలో పడ్డాడు. తాను ఎక్కించకపోతే ఇంకొకడు ఎక్కిస్తాడు. వాడు లోపలి పక్క బయటికి పెట్టి ఎక్కించినా ఎక్కిస్తాడు, అప్పుడు ఆ ఉన్న పట్టు కూడా ఉండదు. రాత్రంతా ఇదే ఆలోచించి ఒక దారి పట్టుకున్నాడు. ఎక్కిస్తాను. శుక్రవారం ఆ పిల్లవాడు వస్తాడుగా. నోరుంది కదా నాకు. ముఖాన చెప్తాను. పని పోతే పోనీ.

గురువారం పని అతను ఎప్పుడూ చేసినట్టే చేశాడు. జాకీ పెట్టే చోటు వెతికి, కింద రబ్బరు ముక్క వేసి బండి లేపాడు. నట్లు వరసగా కాక ఎదురెదురుగా విప్పాడు. పాత టైరు అంచు విడగొట్టి, రిమ్ముకు గీత పడకుండా గుడ్డ అడ్డం పెట్టి, సబ్బునీళ్ళు పూసి, అటక మీది టైరును మిషను మీద తిప్పాడు. అది మొండికేసింది. ఎండిన తోలులా అంచు దిగనంది. రెండు మోకాళ్ళూ దాని మీద పెట్టి ఒత్తాడు. గాలి నిండుతుంటే అంచు కూర్చున్న చప్పుడు టపామని తుపాకిలా పేలింది. టీకొట్టులోవాళ్ళు ఉలిక్కిపడి చూసి నవ్వుకున్నారు. ఓదెలు అంచు చుట్టూ తడిమి చూశాడు, ఎక్కడా చీలలేదు. తర్వాత రెండోది.

శుక్రవారం పదకొండు గంటలకు ఆ పిల్లవాడు బస్సు దిగి వచ్చాడు. పేరు నర్సింగ్. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ, చేతిలో సంచి. సంచిలో బంతిపూల దండ, కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు. తల్లి కట్టి పంపిందట. సర్కారుకు పోయిన భూమికి డబ్బులు వచ్చాయనీ, చిన్నప్పటినుంచీ ఇలాంటి బండి మీద పిచ్చి అనీ, అడక్కుండానే సేటుకు చెప్పాడు. కారు చుట్టూ తిరుగుతూ దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. శ్రావణ్ పక్కనే నిలబడి మీటలు చూపిస్తున్నాడు.

వెనక చక్రాల దగ్గర నర్సింగ్ గొంతుకూర్చున్నాడు. అక్కడే పానాలు సర్దుతున్న ఓదెలుతో అన్నాడు:

"నువ్వేనటగా అన్నా ఎక్కిచ్చింది? నాకు టైర్ల గురించి ఏం తెల్వదు. మంచియేనా?"

అన్నా అన్నాడు. ఆ బండితో వచ్చినవాళ్ళెవరూ ఓదెలును అలా పిలవలేదు. సేటు బల్ల దగ్గర రసీదు పుస్తకం తిరగేస్తున్నవాడు ఆగిపోయాడు.

"మంచియి కావు తమ్మీ," అన్నాడు ఓదెలు. "తొమ్మిదేండ్లయినయి తయారయ్యి. రబ్బరు చచ్చిపోయింది. వానల దీన్ని ఔటర్ మీదికి తీస్కపోకు. లోపలి దిక్కు చెయ్యి పెట్టు, అంకెలు తగులుతయి. మూడు ఆరు ఒకటి ఆరు. ఇవి ఇడిపిచ్చి వేరేయి ఏపిచ్చుకో. నీకు దండం పెడతా."

నర్సింగ్ ఆ నల్లటి మెరుపు వంక చూశాడు. ఓదెలు వంక చూశాడు. తర్వాత తలెత్తి దుకాణం పేరున్న బోర్డు వంక చూశాడు. ముఖం విచ్చుకుంది. పకపకా నవ్వాడు.

"భలేటోళ్ళన్నా మీరు! మా సంగారెడ్డిల కూడ గిట్లనే. ఏ టైరు దుకాణంకి పోయినా ఖతమైనయి, కొత్తయి ఏపిచ్చుకో అంటరు. ఎక్కిచ్చి ఒక్క దినం కాలె, అప్పుడే ఇంకో జత అమ్ముతున్నవా?"

"అమ్మేటందుకు కాదు తమ్మీ. చెయ్యి పెట్టి సూడు..."

"గాళ్ళ దందానే గది," అన్నాడు శ్రావణ్, నవ్వు కలుపుతూ. "నాతోని కూడ మొన్న గదే పాట. వేలు కోసుకొని మరీ సూపెట్టిండు."

"తెల్ల అంగి ఏస్కొని బండి కింద చెయ్యి పెట్టుమంటవా?" అని నర్సింగ్ లేచి, ఓదెలు భుజం ప్రేమగా తట్టాడు. "ఫికర్ చెయ్యకన్నా. అరిగినంక మీతాననే కొంటా. జెర నిమ్మకాయలు పెడతవా చక్రాల కింద?"

సంచి చాపాడు. ఓదెలు నిలబడే ఉన్నాడు. పిల్లవాడు చాపిన చెయ్యి అలాగే ఉంది. చివరికి నిమ్మకాయలు తీసుకుని, వంగి, ఒక్కో చక్రం ముందూ ఒకటి పెట్టాడు. కొబ్బరికాయ పగిలింది. బండి గర్జించి, నాలుగు కాయలూ చితక్కొట్టి, చెక్క పలకలు దిగి, రోడ్డెక్కింది. ఒక్క లారీని దాటేదాకా పసుపు కనపడింది. తర్వాత చప్పుడు. తర్వాత అదీ లేదు. ఆకాశం సదాశివపేట వైపు నల్లబడుతోంది.

ఇప్పుడు తిడతాడని సేటు వైపు తిరిగాడు ఓదెలు. సేటు తిట్టలేదు. బల్ల మీద గడ్డం ఆనించుకుని, ఏదో వింత చూసినవాడిలా నెమ్మదిగా అన్నాడు: "నీ పని ఖతం చేద్దామనుకున్న. గని వాడు సూసినవా? మల్ల మనతాననే కొంటడట. మంచిగనే మాట్లాడినవ్ పో."

పంతొమ్మిదేళ్ళుగా ఆ దుకాణంలో మంచి టైర్లను చూపించి ఎన్నిసార్లు ఖతం అన్నారో. సేటు అనేవాడు. పక్కన పానా పట్టుకుని నిలబడి ఓదెలు తల ఊపేవాడు. పెద్ద పాపమని అనిపించలేదు. అందరూ అనేదే అనుకున్నాడు.

మధ్యాహ్నం వాన మొదలయ్యాక ఒక చిన్న కారు వచ్చి గట్టెక్కింది. కళ్ళద్దాల పెద్దాయన, ఎక్కడో బడిపంతులులా ఉన్నాడు. గొడుగు మడిచి, "టైర్లు ఒకసారి చూడవయ్యా. ఎట్లున్నయి?" అన్నాడు.

ఓదెలు సంచి పరిచి పడుకుని, చెయ్యి లోపలికి పెట్టి, నాలుగూ చూశాడు. బాగున్నాయి. ఇంకో రెండేళ్ళు ఢోకా లేదు. ఆ మాట చెబుదామని పెద్దాయన ముఖంలోకి చూశాడు. ఏం చెప్పినా నమ్మనని ముందే మడిచిపెట్టుకున్న ముఖం అది. ఇన్నేళ్ళూ వచ్చిన ప్రతి గిరాకీ అదే ముఖంతో వచ్చి ఉంటాడు. ఓదెలుకు ఇవాళే కనపడింది.

"చెప్పవేమయ్యా?" అన్నాడు పెద్దాయన.

ఓదెలు గాలి పైపు లాక్కుని, మొదటి చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గాలి కొట్టడం మొదలుపెట్టాడు.